తెలుగు నేర్చిన షుల్జ్ దొర



మన లష్కర్‌లో ఎన్ని ఇళ్ళో అన్ని తెలుగులు. రైల్వే ఉద్యోగానికని గుంటూరు నుంచి వచ్చినవారిది ఒక యాస. మెదక్, కరీంనగర్ వైపు వారిది ఇంకొకటి. ఇక్కడే పుట్టి పెరిగినవారి మాటలో ఉర్దూ పాలల్లో పంచదారలా కలిసిపోతుంది. "అదేం తెలుగండీ, పుస్తకంలో ఉన్నట్టు లేదే!" అని ఒకరినొకరం ఆటపట్టించుకుంటూ ఉంటాం కూడాను. మరి తెలుగు మొట్టమొదట అచ్చుపుస్తకంలోకి ఎక్కింది ఎక్కడో తెలుసునా? మద్రాసులో కాదు, బెజవాడలో కాదు. జర్మనీ దేశంలో, హాలె అనే పట్టణంలో!

ఆ పని చేయించినవారు బెంజమిన్ షుల్జ్ అనే క్రైస్తవ మిషనరీ. 1689లో పుట్టిన ఈ జర్మన్ దొర 1719లో, అప్పట్లో డేనిష్ వారి అధీనంలో ఉన్న తరంగంబాడికి వచ్చారు. అక్కడ తమిళం నేర్చుకుని, సీగెన్‌బాల్గ్ అనే ఆయన పూర్తిచేయకుండానే కన్నుమూసిన తమిళ బైబిలు పనిని పూర్తి చేశారు. 1726లో మద్రాసు చేరారు. తీరా చూస్తే ఆ ఊళ్ళో తెలుగువారు బోలెడుమంది! తమిళులు మనవాళ్ళను వడుగులు అనేవారు, ఉత్తరాదివారని అర్థం. తెల్లవాళ్ళేమో జెంటూలు అనేవారు. పేరేదైతేనేం, వీళ్ళతో మాట్లాడాలంటే తమిళం ఒక్కటీ చాలదని షుల్జ్ గారికి అర్థమైంది. నలభైకి దగ్గరపడుతున్న వయసులో మళ్ళీ అ ఆల దగ్గర మొదలుపెట్టారు.

అప్పటికి తెలుగులో అచ్చువాచకం అంటూ లేదు కదా! నేర్చుకోవాలంటే మనుషుల నోటి వెంట విని నేర్చుకోవలసిందే. అలా నేర్చుకుని 1728 నాటికల్లా లాటిన్ భాషలో తెలుగు వ్యాకరణం రాశారు. బైబిలును తెలుగులోకి తెచ్చారు. కాని ఇంత కష్టమూ రాతప్రతుల్లోనే ఉండిపోయింది. 1743లో ఆయన తిరిగి స్వదేశం వెళ్ళిపోయారు.

వెళ్ళినా తెలుగును మరిచిపోలేదు. హాలెలో తెలుగు అచ్చు అక్షరాలతో 1746, 47 సంవత్సరాల్లో చిన్న చిన్న మతగ్రంథాలు అచ్చు వేయించారు. తెలుగులో తొలి అచ్చుపుస్తకాలుగా చెప్పేది వీటినే. అయితే ఆ ఊళ్ళో వాటిని చదవగలిగేవారు ఎందరుంటారు చెప్పండి? చదవవలసినవారంతా సముద్రాలకు ఇవతలే ఉండిపోయారు. ఆయన 1760లో చనిపోయారు. వ్యాకరణం అచ్చు ముఖం చూసింది 1984లో, అంటే రాసిన 256 ఏళ్ళకు! ఈలోగా 1814లో కేరీ, 1816లో క్యాంబెల్ తమ తమ తెలుగు వ్యాకరణాలు అచ్చు వేయించనే వేయించారు.

షుల్జ్ గారు ఇంకొక పని చేశారు. మద్రాసు పట్నాన్ని గురించి తెలుగులో సంభాషణలు రాసుకున్నారు. అవి 1750లో హాలెలో ఇంగ్లీషులో వెలువడ్డాయి. సంధులు, సమాసాలు పండితుడు చెబుతాడు. పలకరింపులు, బేరాలు, వీధిలో మాటామంతీ ఎవరు చెప్పాలి? చుట్టూ ఉన్న మామూలు మనుషులే చెప్పాలి. ఆయన పేరు చరిత్రలో నిలిచింది. మాట అందించిన ఆ తెలుగువారి పేర్లు మాత్రం మన నోళ్ళలో లేవు.

ఆఫ్రికాలో ఇలాంటి కథే మరోలా జరిగింది. షోన్ అనే ఇంకో జర్మన్ మిషనరీ హౌసా భాష నేర్చుకుని 1862లో వ్యాకరణం, 1876లో నిఘంటువు వెలువరించారు. ఆయనకు హౌసా మాటలు చెప్పినవారిలో డొరుగు అనే కుర్రవాడొకడు. చిన్నతనంలో బానిసగా అమ్ముడుపోయి, విడుదలై, 1855లో బార్త్ అనే యాత్రికుడి వెంట ఇంగ్లండు చేరాడు. వాడు తన భాషలో చెప్పుకున్న సొంత కథను షోన్ గారు రాసుకుని, 1885లో తన హౌసా పుస్తకంలో అచ్చు వేయించారు. అందువల్ల ఆ భాష నేర్పినవాడి పేరూ, వాడు పడ్డ కష్టమూ కూడా నిలిచాయి.

అమ్మా, మనింట్లో అమ్మమ్మలు, నాయనమ్మలు వంటింట్లోనూ పెరట్లోనూ వాడే మాటలు ఎన్ని పుస్తకాల్లోకి ఎక్కాయంటారు? పిల్లల నోటుపుస్తకం ఒకటి తీసుకుని ఆ మాటలు రాయించండి. పైన ఆవిడ పేరు, ఊరు కూడా రాయించడం మాత్రం మరిచిపోకండేం!

సెలవు.