ఆంగ్ల అచ్చుల వర్ణన: నాలుక నుండి చెవికి

హల్లును పలికేటప్పుడు నాలుకో పెదవులో ఒకచోట గాలిని అడ్డగిస్తాయి. ఆ చోటును బట్టి హల్లుకు పేరు పెట్టవచ్చు. అచ్చుకు అటువంటి అడ్డు లేదు. అందుచేత అచ్చును దేనిని బట్టి వర్ణించాలన్నది ధ్వనిశాస్త్రానికి చిక్కుప్రశ్న అయింది. ఆంగ్ల అచ్చుల వర్ణనలో ఈ ప్రశ్నకు సమాధానం నాలుక వద్ద మొదలై చెవి వద్దకు చేరింది.

1867లో అలెగ్జాండర్ మెల్విల్ బెల్ 'విజిబుల్ స్పీచ్' ప్రకటించాడు. నాలుకలో లేచే భాగాన్ని బట్టి మూడు, లేచే ఎత్తును బట్టి మూడు విభాగాలు చేసి తొమ్మిది స్థానాలు ఏర్పరచాడు. హెన్రీ స్వీట్ 1877 నాటి 'హ్యాండ్‌బుక్ ఆఫ్ ఫొనెటిక్స్'లో ఈ పద్ధతినే అనుసరించాడు. 'బీట్' అనే మాటలోని అచ్చును ఉన్నత అగ్రస్వరమనీ, 'బూట్'లోని దానిని ఉన్నత పశ్చస్వరమనీ పేర్కొనడం ఈ సంప్రదాయంలోనిదే.

లండన్ యూనివర్సిటీ కాలేజీలో బోధించిన డేనియల్ జోన్స్ (1881-1967) ఏ భాష అచ్చునైనా పోల్చి చూడడానికి ఎనిమిది ప్రమాణ స్వరాలను నిర్ణయించాడు. వాటిలో మొదటిదానిని, ఐదవదానిని మాత్రమే నాలుక స్థితిని బట్టి నిర్వచించాడు. తక్కినవి వినికిడిలో సమాన దూరాన ఉండాలన్నాడు. వీటిని గురుముఖతః గాని గ్రామఫోను రికార్డు ద్వారా గాని నేర్చుకోవలసిందే. పటం నాలుకదిగా కనిపించినా, దానిలోని కొలత చాలావరకు చెవిది.

1928లో అమెరికా పండితుడు ఆస్కార్ రస్సెల్ 'ది వవెల్' గ్రంథంలో ఎక్స్‌రే చిత్రాల ఆధారంగా, నాలుక స్థానాలు సంప్రదాయ పటంతో అనేకచోట్ల పొసగడంలేదని వాదించాడు. 1952లో బెల్ టెలిఫోన్ ప్రయోగశాలలో పీటర్సన్, బార్నీలు 76 మంది పలికిన పది ఆంగ్ల అచ్చులను కొలిచారు. నోటి కుహరంలోని అనునాదం వల్ల ధ్వనిలో బలపడే పౌనఃపున్యాలను ఫార్మెంట్లు అంటారు. అచ్చు ఉన్నతమైన కొద్దీ మొదటి ఫార్మెంటు తగ్గుతుంది. అగ్రమైన కొద్దీ రెండవది పెరుగుతుంది. ఈ రెండింటినీ గీతపటంలో గుర్తించగా పాత అచ్చుల పటాన్ని పోలిన ఆకృతి ఏర్పడింది. అయితే పురుషుల, స్త్రీల, బాలల విలువలు వేరువేరుగా ఉండి, పొరుగు అచ్చుల పరిధులు కొంత ఒకదానిపై ఒకటి పడ్డాయి.

కనుక ఉన్నత, అగ్ర వంటి పేర్లు నిరర్థకం కావు. కాని అవి నాలుక ఉనికికి కచ్చితమైన కొలతలూ కావు. తెలుగు అచ్చులను సైతం ఆధునిక వ్యాకరణాలు ఈ పరిభాషతోనే వర్ణిస్తున్నాయి. ఆ పేర్లను శరీరనిర్మాణ సత్యాలుగా గ్రహించే ముందు, వాటి వెనుక ఉన్న వినికిడి తీర్పును గుర్తించడం అవసరం.