రోరిక్ మంచుకొండలు

బెంగుళూరు కుమారకృపా రోడ్డులోని చిత్రకళా పరిషత్తులో రోరిక్ తండ్రీకొడుకుల చిత్రాలకు విడిగా గదులున్నాయి. డ్రాయింగు మాస్టారుగా ఉన్న రోజుల్లో ఏటా ఒకసారి పిల్లల్ని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళేవాణ్ణి. కొడుకు స్వెతొస్లావ్ వేసిన మన పల్లెజనం, ఎర్రమట్టి, పూలచెట్లు చూపించి చాలాసేపు చెప్పేవాణ్ణి. తండ్రి నికొలస్ వేసిన హిమాలయాల ముందు మాత్రం ఎక్కువసేపు ఆగేవాణ్ణి కాదు. ఆ గాఢనీలం, ఆ ఊదా, ఆ గులాబీ చూస్తే కిరాణాకొట్టువాడు ఉగాదికిచ్చే క్యాలెండరు గుర్తొచ్చేది. "కొండ అంత నీలంగా ఉంటుందా సార్?" అని ఒక పిల్ల అడిగింది. "అది ఆయన ఊహమ్మా" అని దాటేశాను.

మంచు వేయాలంటే తెల్లరంగు ముట్టుకోవద్దు, కాగితాన్నే వదిలేయండి అని ముప్ఫై ఏళ్ళు పిల్లలకు చెప్పినవాణ్ణి నేను. అసలు నేను మంచు చూసిందెక్కడ? కోలారు జిల్లాలో పుట్టి బెంగుళూరులో పెరిగినవాడికి మంచంటే ధనుర్మాసంలో ముగ్గు మీద పడే తడి. మన భాషలో పొగమంచూ మంచే, గడ్డి మీద నీటిబొట్టూ మంచే, హిమాలయాల మీద పేరుకున్నదీ మంచే. ఒక్క మాటలో మూడూ ఇమిడిపోయాయి కనుక మూడూ తెలుసనుకున్నాను.

ఉద్యోగ విరమణ చేశాక ఒక జనవరిలో నగ్గర్ వెళ్ళాను. ఢిల్లీలో రాత్రి బస్సెక్కి, కులూ దాటాక పత్లీకుహల్‌లో దిగి, బియాస్ నది మీద వంతెన దాటి పైకెక్కాలి. నికొలస్ రోరిక్ చివరి పందొమ్మిదేళ్ళు గడిపిన ఇల్లు అక్కడుంది. చుట్టూ దేవదారు చెట్లు, ఎదురుగా లోయ, లోయకు అవతల మంచుకొండలు. కింది గదుల్లో చిత్రాలు పెట్టారు. నేను బస చేసిన ఇంటివాళ్ళు గది మధ్యన ఇనుప పొయ్యి పెట్టి కట్టెలు రాజేశారు. దాన్ని వాళ్ళు తందూరంటారు. మన రొట్టెల తందూరు కాదు, చలి కాచుకునే తందూరు.

రోరిక్ 1874లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఒక న్యాయవాది ఇంట పుట్టాడు. అక్కడి కళాపరిషత్తులో అర్హిప్ కుయింజీ దగ్గర చదువుకున్నాడు. రష్యాలో వెన్నెల వేయడంలో కుయింజీని మించినవాడు లేడని పేరు. 1880లో ఆయన వేసిన ద్నీపర్ నది మీది వెన్నెల రాత్రిని చూడటానికి జనం బారులు తీరారు. అయితే ఆ పటంలో వాడిన తైలవర్ణాలు కాలక్రమేణా నల్లబడ్డాయి. శిష్యుడు రోరిక్ ఇరవయ్యో శతాబ్దం తొలి దశకంలోనే తైలాన్ని క్రమంగా వదిలి టెంపెరాకు మారాడు. రంగుపొడిని గుడ్డుసొన వంటి బంకలో కలిపి నీటితో పలచన చేసుకునే పద్ధతి అది. త్వరగా ఆరుతుంది, మెరవదు, తైలంలా నల్లబడదు. దాంట్లో ఒక ఇబ్బందీ ఉంది. తైలంలోలాగా తడి మీద తడి పెట్టి ఒక రంగును ఇంకో రంగులోకి కరిగించడం కుదరదు. ఒక పొర ఆరాక ఇంకో పొర వేయాలి, అంచు అంచుగానే మిగులుతుంది. మంచుకొండ స్వభావమూ అదే. నీడ ఎక్కడ మొదలవుతుందో అక్కడ కత్తితో కోసినట్టు ఉంటుంది. క్యాలెండరు బొమ్మలా అనిపించిన ఆ చదునుతనం సగం రంగు చేతిలో పుట్టిందే. బెంగుళూరులో ఉండగా ఈ మాత్రం నాకు తట్టకపోవడం సిగ్గుచేటు.

నగ్గర్ చేరిన రెండో రోజు సాయంత్రం నాలుగున్నరకి ఇంటి అరుగు మీద కూర్చున్నాను. ఎదురుగా పొలం మీద రాత్రి కురిసిన మంచు. ఎండ వాలేకొద్దీ వెలుగు పడ్డచోట మామిడిపండు రంగు వస్తోంది, నీడ పడ్డచోట నీలం. లేతనీలం కాదు, బట్టలకు పెట్టే నీలిమందు చిక్కగా కలిపినట్టు. కారణం చెప్పుకుంటే చిన్నదే. నీడలోని మంచుకు నేరుగా ఎండ తగలదు, పైనున్న ఆకాశమే దానికి దీపం. ఆ నీలాన్నే అది తిరిగి చూపిస్తుంది. అవతలి కొండల మీద పది నిమిషాలు గులాబీ నిలిచి, ఆ తర్వాత ఊదా అయింది. పరిషత్తు గోడ మీద చూసి నవ్వుకున్న రంగులు వరసగా వచ్చి వెళ్ళిపోయాయి. ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడుందో తెలియదు గానీ, ఆమెకు నేను చెప్పిన జవాబు తప్పు.

వెంటనే నీటిరంగుల పెట్టె తెరిచాను. కాగితం మీద నీలం పరిచాను. కుంచె తీసేలోపే తడి గడ్డకట్టి ఆకుల్లా, ఈనెల్లా చీలికలు పోయింది. రెండోసారీ అంతే. బాల్‌పెన్ను రాయలేదు. చివరికి పెన్సిలుతో కొండ గీత గీసి, ఎక్కడ ఏ రంగో మాటల్లో రాసుకుని, లోపల తందూరు పక్కన కూర్చుని రంగులు వేశాను. అంటే సగం గుర్తు తెచ్చుకుని వేశాను. చలికాలపు కొండను చలిలో కూర్చుని వేయడం కుదరదన్న సంగతి చిత్రకారులందరికీ ఏనాడో తెలిసే ఉంటుంది, నాకు అరవై దాటాక తెలిసింది. నీటిలో కలిపే టెంపెరాకూ ఈ గతి తప్పదు. రోరిక్ కూడా బయట త్వరత్వరగా గుర్తులు గీసుకుని, పటాన్ని నాలుగు గోడల మధ్య పూర్తిచేసిన మనిషే. కుయింజీ తన శిష్యులకు నేర్పిన పాఠమూ అదే: చూసింది గుర్తులోంచి కట్టాలి, పక్కన నమూనా పెట్టుకుని కాదు.

గుర్తులోంచి కట్టడమంటే ఏమిటో తెలియాలంటే ఆయన 1927 చలికాలం గురించి చెప్పాలి. రోరిక్ కుటుంబం 1923 డిసెంబరులో మన దేశానికి వచ్చింది. డార్జిలింగులో ఇల్లు తీసుకుని కాంచనజంగ ఎదురుగా 1924లో ఆయన వేస్తూనే ఉన్నాడు. "గుర్తుంచుకో" అన్న పటం ఆ ఏటిదే. గుర్రం మీద వెళ్ళిపోతున్న మనిషి జీనులోంచి వెనక్కి తిరిగి ఇంటి వైపు చూస్తుంటాడు, వెనకంతా మంచుకొండలు. మరుసటేడు కాశ్మీరు, లదాఖు మీదుగా బిడారు కట్టుకుని బయల్దేరాడు. కారకోరం దాటి, చైనా తుర్కిస్తాను, ఆల్తాయి, మంగోలియా తిరిగి, 1927 శరత్కాలంలో ఉత్తరం నుంచి టిబెట్‌లోకి ప్రవేశించాడు. భార్య హెలీనా, టిబెటన్ పండితుడైన పెద్దకొడుకు జార్జి వెంట ఉన్నారు. మధ్యలో 1926లో మాస్కో వెళ్ళి రావడంతో ఆయన సోవియట్ మనిషని బ్రిటిషువారికి అనుమానం. లాసా ప్రభుత్వం బిడారును చాంగ్‌థాంగ్ పీఠభూమి మీద ఆపేసింది. ముందుకు పోనివ్వలేదు, వెనక్కీ పోనివ్వలేదు.

సుమారు 15,000 అడుగుల ఎత్తున, వేసవి గుడారాల్లో, ఐదు నెలలు. చలి సున్నాకు 40 డిగ్రీల దిగువకు పోయింది. బిడారులో ఐదుగురు చనిపోయారు. జంతువుల్లో చాలా భాగం చచ్చిపోయాయి. ఆకలిగొన్న గుర్రాలు, ఒంటెలు మేతకోసం గుడారాల దగ్గరికి వచ్చేవనీ, తెల్లవారేసరికి పక్కనే చచ్చి పడి ఉండేవనీ రోరిక్ తన ప్రయాణ గ్రంథంలో తానే రాశాడు. కియాంగ్ అనే అడవిగాడిదలకూ అడవి జడలబర్రెలకూ ఆ పీఠభూమి సొంత ఇల్లు. వాటికి ఆ చలి అలవాటు. మనిషి తోలుకొచ్చిన పశువులే పోయాయి. 1928 మార్చిలో వదిలిపెడితే, మేలో సిక్కిం చేరుకున్నారు. ఆ ఏడు చివరికి కుటుంబం నగ్గర్‌లో స్థిరపడింది.

ఆ చలికాలాన్ని ఆయన ఎలా వేశాడు? నగ్గర్‌లో నేను వెతికింది ఇదే. చచ్చిన గుర్రం కనబడలేదు. ఎముకలు, కూలిన గుడారం ఏవీ లేవు. వాళ్ళను ఆపేసిన ప్రాంతానికి పక్కనే తంగ్‌లా కొండల వరస ఉంది. 1929లో, అంటే బయటపడ్డ మరుసటేడే, ఆ కొండను పరమ పవిత్రమైనదిగా వేశాడు. 1943లో, పదిహేనేళ్ళ తర్వాత, అదే తంగ్‌లాను "శంభల గీతం" అన్న పేరుతో మళ్ళీ వేశాడు. మధ్యన 1933లో ఒక పటం వేశాడు. రాళ్ళ మధ్య ఒంటరి తెల్లగుర్రం, వీపు మీద వెలుగుతున్న చింతామణి. టిబెట్టు గాలిజెండాల మీది గుర్రమే అది. పండితులు దానికి బౌద్ధ సంప్రదాయం నుంచి అర్థం చెబుతారు, అది సరైనదే. కానీ రాత్రుళ్ళు గుడారం గుడ్డ అవతల గుర్రాల ఊపిరి విన్న మనిషి, ఐదేళ్ళ తర్వాత ఒక గుర్రాన్ని క్షేమంగా కొండ దింపుతుంటే నాకు వేరే ఏదో తోస్తుంది. ఇది నా ఊహ మాత్రమే. ఆయన ఎక్కడా అలా రాయలేదు.

ఇక్కడ నాకొక పేచీ ఉంది. చనిపోయిన ఐదుగురి మాటేమిటి? మేత లేక పోయిన పశువుల మాటేమిటి? కొండ పవిత్రమే కావచ్చు, ఆ ఐదు నెలలు పవిత్రం కాదు. బాధను ఇంత శుభ్రంగా కడిగేసి నీలం పరిచేయడం నాకు ఇప్పటికీ పూర్తిగా మింగుడు పడదు. ఆయన కొండల్లో మనిషి ఉంటే బొటనవేలంత ఉంటాడు, జంతువుంటే ఏదో సందేశం మోస్తూ ఉంటుంది. గ్రద్ద వార్త తెస్తుంది, గుర్రం మణి తెస్తుంది. ఊరికే ఆకలేసి గడ్డి కోసం మంచు తవ్వే జంతువు నాకు ఒక్కటీ కనబడలేదు. ఆయన వేసినవి సుమారు 7,000 పటాలంటారు, నేను చూసింది అందులో ఏ మూలకి? అందుచేత ఈ మాటను కొంచెం తగ్గించే తీసుకోవాలి.

ఇది రాస్తూ నగ్గర్‌లో మూడో రోజు పొద్దున గుర్తొస్తోంది. ఇంటి పైన దేవదారుల కింద మోనాల్ కోడి ఒకటి దిగింది. మగది. మెడ మీద రాగి, వీపు మీద నెమలినీలం, ఆకుపచ్చ. ఎండాకాలం పైన గడ్డిమైదానాల్లో ఉండి, చలికాలం దిగువ అడవుల్లోకి వస్తుందని ఇంటాయన చెప్పాడు. ముక్కుతో మంచు తవ్వి దుంపలు పీక్కుంటోంది. కొంకర్లు పోయిన వేళ్ళతో ఏడెనిమిది గీతలు గీశాను. మెడ వంపు వచ్చేలోపే లేచిపోయింది, ఎగిరేటప్పుడు నడుము మీద తెల్లమచ్చ మెరిసింది. సరిగ్గా వేయాలంటే ఆ వేగానికి కన్నూ చెయ్యీ ఒకటి కావాలి. అది రోరిక్ ఎంచుకున్న దారి కాదు. కదలనిదాన్నే ఎంచుకున్నాడు. అదే కొండను ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి వేశాడు, చాలావాటిని అడుగూ అడుగున్నర మించని అట్టల మీద. 1961లో గగారిన్ అంతరిక్షంలోంచి భూమి అంచున చూసిన రంగులకు రోరిక్ పటాలే పోలిక తెచ్చాడు. అంత దూరం నుంచి చూస్తే మరి ఆకలీ చావూ కనబడవు.

రోరిక్ 1947 డిసెంబరు 13న నగ్గర్‌లోనే కన్నుమూశాడు. 15న కొండలకు ఎదురుగా దహనం చేశారు. ఆ చోట నిలిపిన బండ మీద ఆయన్ను మహర్షి అనీ, భారతదేశపు రష్యన్ మిత్రుడనీ చెక్కారు. తేదీ విక్రమ శకంలో కూడా వేశారు. మన ప్రభుత్వం ఆయన చిత్రాలను జాతీయ కళానిధులుగా ప్రకటించింది గనుక ఇక్కడున్నవి దేశం దాటిపోవు. కొడుకు స్వెతొస్లావ్ 1945లో నటి దేవికారాణిని పెళ్ళాడి, ఆ తర్వాత బెంగుళూరు చేరి, కనకపుర రోడ్డు మీద తాతగుణి తోటలో స్థిరపడ్డాడు. దేవికారాణి పుట్టింది వాల్తేరులో అని మనవాళ్ళలో చాలామందికి తెలియదు. ఆయన 1993లోనూ, ఆమె 1994లోనూ బెంగుళూరులోనే పోయారు.

ఇంటికి తిరిగొచ్చాక పరిషత్తుకు మళ్ళీ వెళ్ళాను. ఈసారి పిల్లలు లేరు, నేనొక్కణ్ణే. రంగుల గురించి నాకిప్పుడు తగాదా లేదు. ఒక్కో పటం దగ్గరా కింది అంచు చూసుకుంటూ నడిచాను. మంచులో ఎక్కడైనా, పొరపాటున అయినా, ఒక డెక్క గుర్తు వదిలాడేమోనని. కాపలా కుర్రాడు వెనకే వచ్చి, "ఏనాదరూ బిద్దిదెయా సార్?" అన్నాడు. ఏమైనా పడిపోయిందా అని. లేదని చెప్పి, తర్వాతి పటం ముందుకు వెళ్ళాను.