పెరటి నిమ్మ, డబ్బాపాలు: కీ లైమ్ పై చరిత్ర

కీ లైమ్ పై అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రానికి దక్షిణ కొసన, సముద్రంలో వరుసగా పరుచుకున్న 'కీస్' ద్వీపాల ఇంటి వంటకం. చిన్న నిమ్మకాయల రసం, పంచదార కలిపి చిక్కబరిచిన డబ్బాపాలు, కోడిగుడ్డు పచ్చసొన దీని ముఖ్య పదార్థాలు. ఈ మూడింటినీ గిలకొట్టి, పిండితోనో బిస్కట్ పొడితోనో చేసిన పళ్లెం ఆకారపు పెంకులో పోస్తారు. గట్టిపడ్డాక చల్లబరిచి, ముక్కలు కోసి ఇంటిల్లిపాదికీ పంచుతారు. వండటానికి ఇంతకన్నా సులువైన తీపి వంటకాలు అరుదు. అయితే ఈ కొద్దిపాటి పదార్థాలు ఒక చోటికి చేరడానికి కొన్ని శతాబ్దాలు పట్టింది. ఆసియాలో పుట్టిన ఒక ముళ్ల చెట్టు, పాలను నెలల తరబడి నిలవ ఉంచే ఒక పరిశ్రమ, పచ్చిపాలు దొరకని ద్వీపాల బతుకు కలిస్తే గానీ ఈ వంటకం లేదు.

నిమ్మ చేసిన ప్రయాణం

అమెరికాలో కీ లైమ్ అని పిలిచే పండు తెలుగువారికి కొత్తది కాదు. మన వంటింట్లో రోజూ వాడే పలుచని తోలు నిమ్మ, అంటే కాగితపు నిమ్మ, అదే జాతికి చెందింది. శాస్త్రజ్ఞులు దాన్ని సిట్రస్ ఆరాంటిఫోలియా అంటారు. దాని పుట్టిల్లు భారతదేశం నుంచి మలయా ద్వీపాల వరకు వ్యాపించిన ఆసియా ప్రాంతం. మాదీఫలం, పపేడా తరగతికి చెందిన ఒక అడవి జాతి సహజంగా సంకరమై ఈ నిమ్మ పుట్టిందని జన్యు పరిశోధనల్లో తేలింది. అరబ్బు వర్తకులు దీన్ని పశ్చిమాసియాకూ ఉత్తర ఆఫ్రికాకూ చేర్చారు. అక్కడి నుంచి మధ్యధరా తీరానికి పాకింది. 1493లో కొలంబస్ రెండోసారి బయలుదేరినప్పుడు ఆయన ఓడల్లో నారింజ, నిమ్మ జాతుల విత్తనాలు కూడా హిస్పానియోలా ద్వీపానికి చేరాయి. తర్వాత స్పెయిన్ వలసదారులు వీటిని కరీబియన్ దీవులంతటా, మెక్సికోలో నాటారు.

ఈ చెట్టు ఇంత దూరం తేలిగ్గా వ్యాపించడానికి దాని గింజలోనే ఒక కారణం ఉంది. చాలా పండ్ల జాతుల్లో గింజ నుంచి మొలిచిన మొక్క తల్లి చెట్టులా ఉండదు, అంటు కట్టాల్సి వస్తుంది. కాగితపు నిమ్మ గింజలో మాత్రం తల్లి కణజాలం నుంచే అదనపు పిండాలు ఏర్పడతాయి. అందువల్ల పారేసిన గింజ నుంచి మొలిచిన చెట్టు కూడా ఎక్కువగా తల్లి చెట్టు లాంటి కాయలే కాస్తుంది. ఓడవాళ్లు గుప్పెడు గింజలు వెంట తీసుకెళ్తే చాలు, చేరిన చోట అదే నిమ్మ మొలిచేది.

ద్వీపాల్లో తోటలు

కీస్ ద్వీపాలు పగడపు సున్నపురాతి దిబ్బలు. మట్టి పొర పలుచన. పంట భూమి తక్కువ, ఏరులు లేవు. కీ వెస్ట్ ఊళ్లో చాలా కాలం జనం కప్పుల మీద పడిన వాననీటిని తొట్లలో పట్టుకుని తాగారు. కానీ నిమ్మకు కావలసిన వరం ఒకటి అక్కడ ఉంది. నిమ్మ చలిని ఓర్చుకోలేదు, కీ వెస్ట్‌లో మంచు పడినట్టు రికార్డు లేదు. 1894 డిసెంబరులోనూ 1895 ఫిబ్రవరిలోనూ విరుచుకుపడిన చలి ఫ్లోరిడాలోని నారింజ తోటలను నాశనం చేసినా, ద్వీపాల్లోని చెట్లు నిలిచాయి.

ఇక్కడ నిమ్మ సాగుకు ఆద్యుడిగా హెన్రీ పెరైన్ పేరు చెప్పుకుంటారు. ఆయన వైద్యుడు, మెక్సికోలోని కంపేచేలో అమెరికా రాయబార ప్రతినిధిగా పనిచేశాడు. ఉష్ణమండల మొక్కలను అమెరికాకు తెచ్చి పెంచాలన్న పట్టుదలతో విత్తనాలు సేకరించాడు. 1838లో అమెరికా కాంగ్రెస్ ఆయన ప్రయోగాల కోసం దక్షిణ ఫ్లోరిడాలో భూమి కేటాయించింది. అదే ఏడాది కుటుంబంతో ఇండియన్ కీ ద్వీపానికి చేరాడు. సెమినోల్ ఆదివాసులతో అమెరికా చేసిన రెండో సెమినోల్ యుద్ధం నడుస్తుండగా 1840 ఆగస్టు 7న ఆ ద్వీపం మీద జరిగిన దాడిలో ఆయన చనిపోయాడు. ఆయన కల తోటగా మారకముందే అలా ముగిసింది.

పందొమ్మిదో శతాబ్దం చివర కీస్ రైతులు అనాసను నమ్ముకున్నారు. నేల సారం తగ్గిపోవడం, దానికి తోడు 1906 తుపాను రావడంతో అనాస సాగు కుప్పకూలింది. దాని స్థానంలో నిమ్మ నాటారు. కాయలను ఉప్పునీటిలో ఊరబెట్టి బోస్టన్ నగరానికి పంపేవారు. అక్కడి బడిపిల్లలు వాటిని చిరుతిండిగా ఇష్టంగా తినేవారు. నిమ్మను ఉప్పులో ఊరేసి ఏడాది పొడవునా తినే తెలుగువారికి ఆ రుచి ఎలాంటిదో చెప్పనక్కర్లేదు. 1913 నుంచి 1923 వరకు ఈ వ్యాపారం బాగా సాగింది. 1926 సెప్టెంబరులో వచ్చిన పెను తుపాను తోటలను పడగొట్టింది.

ఆ తర్వాత ఫ్లోరిడా వ్యాపారులు తహితీ నిమ్మ వైపు తిరిగారు. అది పెద్ద కాయ, గింజలుండవు, చెట్టుకు ముళ్లు తక్కువ, దళసరి తోలు కాబట్టి దూర ప్రయాణానికి ఆగుతుంది. కీ లైమ్ దీనికి పూర్తిగా వేరు. రెండంగుళాలకు మించని కాయ, నిండా గింజలు, పలుచని తోలు, చెయ్యి పెడితే గుచ్చుకునే ముళ్లు. సంతకు పనికిరాదని తోటల్లో వదిలేసినా, ఇళ్ల పెరట్లో ఆ చెట్లు మిగిలాయి. వాటి పుల్లదనం పదునైనది, వాసన ఘాటైనది. ఈ వంటకం బతికి ఉండటానికి ఆ పెరటి చెట్లే కారణం.

డబ్బాపాల రాక

రెండో పదార్థం ఉత్తరాది కర్మాగారాల నుంచి వచ్చింది. గెయిల్ బోర్డెన్ అనే ఔత్సాహికుడు 1851లో లండన్ నుంచి ఓడలో తిరిగొస్తూ, ఓడలోని ఆవులు జబ్బుపడి పాలు అందక పసిపిల్లలు చనిపోవడం చూశాడని చెబుతారు. ఆ తర్వాత పాలను నిలవ ఉంచే ఉపాయం కోసం పూనుకున్నాడు. షేకర్లనే క్రైస్తవ సమాజం వాడే గాలి తీసిన పాత్ర ఆయనకు దారి చూపింది. గాలి ఒత్తిడి తగ్గిస్తే తక్కువ వేడికే నీరు ఆవిరవుతుంది, పాలు మాడవు. ఈ పద్ధతికి 1856 ఆగస్టు 19న ఆయనకు పేటెంట్ దక్కింది. పంచదార కలిపితే పాలు ఇంకా ఎక్కువ కాలం నిలిచేవి. 1861లో అంతర్యుద్ధం మొదలయ్యాక ఉత్తరాది సైన్యం పెద్ద ఎత్తున కొనడంతో ఈ డబ్బాలు దేశమంతా తెలిశాయి.

కీస్ ద్వీపాల్లో పశువులకు మేత లేదు. పచ్చిపాలు తెచ్చినా ఆ ఎండలకు నిలవవు. హెన్రీ ఫ్లాగ్లర్ అనే పారిశ్రామికవేత్త వేయించిన సముద్రపు రైలు మార్గం 1912 జనవరి 22న కీ వెస్ట్‌కు చేరింది, కానీ 1935 తుపానులో కొట్టుకుపోయింది. రోడ్డు మార్గం 1938లో గానీ పూర్తి కాలేదు. రైలు లేని కాలమంతా పడవలే దిక్కు. అటువంటి చోట అల్మరాలో పెడితే నెలలు నిలిచే డబ్బాపాలు ఇంటింటి సరుకయ్యాయి. కాఫీలోకీ అవే, పిల్లలకీ అవే, తీపి వంటకాలకీ అవే.

ఎవరు మొదట వండారు?

కీ వెస్ట్ ప్రజలు చెప్పే కథ విలియం కర్రీ ఇంటి చుట్టూ తిరుగుతుంది. బహామాస్‌లోని గ్రీన్ టర్టిల్ కే ద్వీపంలో 1821లో పుట్టిన కర్రీ, మునిగిన ఓడల సరుకు కాపాడే వ్యాపారంతో ఫ్లోరిడాలో అత్యంత సంపన్నుడయ్యాడు. ఆయన ఇంట్లో వంట చేసే 'ఆంట్ సాలీ' అనే ఆమె పందొమ్మిదో శతాబ్దం చివర ఈ వంటకాన్ని తయారు చేసిందంటారు. ఇంకో కథలో ఘనత స్పాంజి సేకరించే జాలరులది. రోజుల తరబడి పడవల్లో ఉండే వాళ్లు తమ వెంట ఉన్న డబ్బాపాలు, నిమ్మకాయలు, గుడ్లు కలిపి, పాత రొట్టె మీద పోసుకుని తినేవారని, పొయ్యి అక్కర్లేని ఆ తిండే తర్వాత ఇళ్లలో నాజూకుగా మారిందని చెబుతారు.

ఈ కథలకు ఆ కాలపు రాతపూర్వక ఆధారం దొరకలేదు. అచ్చులో దొరికే జాడలు ఇరవయ్యో శతాబ్దానివే. 1931లో బోర్డెన్ కంపెనీ తన డబ్బాల ప్రచారానికి అచ్చువేసిన పుస్తకంలో 'మ్యాజిక్ లెమన్ క్రీమ్ పై' అనే వంటకం ఉంది. డబ్బాపాలు, పచ్చసొనలే అందులోనూ పదార్థాలు, పులుపుకు మాత్రం లెమన్ అనే వేరే జాతి నిమ్మ రసం. 1933లో ఇలాంటి నిమ్మ వంటకం మయామీలో అచ్చయింది. కీ లైమ్ పై అనే పేరుతో వంట విధానాలు 1940ల నుంచి కనిపిస్తాయి. వీటిని చూపిస్తూ పేస్ట్రీ చెఫ్, రచయిత్రి స్టెల్లా పార్క్స్, ఈ వంటకానికి మూలం కంపెనీ పుస్తకమేనని వాదించింది. కీ వెస్ట్ వాసులు ఆ మాటను గట్టిగా ఖండించారు.

ఇళ్లలో వండేవాళ్లు తమ వంటను కాగితం మీద పెట్టడం తక్కువ. అందువల్ల అచ్చులో లేకపోవడం వంటింట్లో లేకపోవడం కాదు. అలాగని చెప్పుకునే కథలన్నీ చరిత్ర కావు. తేలిన సంగతి ఒకటే: కర్మాగారం డబ్బా లేనిదే ఈ వంటకం లేదు, పెరటి చెట్టు లేనిదే దానికి ఈ రుచి లేదు. కంపెనీ పుస్తకంలోని లెమన్ వంటకం ఎన్నో వాటిలో ఒకటిగా మిగిలిపోతే, ద్వీపాల ఇళ్లలోని చిన్న నిమ్మ దాన్ని ఒక ప్రాంతపు గుర్తుగా నిలబెట్టింది.

పొయ్యి లేకుండా గట్టిపడే తీరు

మామూలు పాలలో నిమ్మరసం పిండితే విరిగిపోతాయి, ముద్ద ఒకవైపు, నీరు ఒకవైపు అవుతాయి. డబ్బాపాలలో అలా జరగదు. పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ పులుపు తగిలితే గడ్డకడుతుంది. డబ్బాపాలలో ప్రోటీన్ మామూలు పాలకన్నా రెట్టింపుకు పైగా ఉంటుంది, నీరు మాత్రం నాలుగో వంతుకు కాస్త ఎక్కువ. అందులో చాలా భాగాన్ని పంచదార పట్టి ఉంచుతుంది. విడిపోవడానికి నీరు అంతగా లేక, ప్రోటీన్ మొత్తం నున్నటి ముద్దగా పేరుకుంటుంది. పచ్చసొనలోని లెసిథిన్ కొవ్వునూ నీటినీ కలిపి ఉంచి మెత్తదనం ఇస్తుంది. అందుకే పాత పద్ధతిలో ఈ మిశ్రమాన్ని వేడి చేసేవారు కారు. కలిపి, పక్కన పెడితే గట్టిపడేది. 1980లలో గుడ్ల ద్వారా సాల్మొనెల్లా బ్యాక్టీరియా సోకుతుందన్న భయం పెరిగాక, కొద్దిసేపు ఓవెన్‌లో ఉంచడం అలవాటైంది.

నేడు ఎక్కువ ఇళ్లలో పాటించే కొలతలు ఇంచుమించు ఒకటే. సుమారు 400 గ్రాముల డబ్బా ఒకటి, నాలుగు పచ్చసొనలు, 120 మిల్లీలీటర్ల నిమ్మరసం. కాయ చిన్నది కాబట్టి ఆ రసానికి డజనుకు పైగా పిండాలి. మిశ్రమాన్ని పెంకులో పోసి 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర పావుగంట ఉంచి, చల్లారాక కొన్ని గంటలు ఫ్రిజ్‌లో పెడతారు.

పెంకు, పైపొర, రంగు

తొలి రోజుల్లో పెంకును మైదా, కొవ్వు కలిపి చేసేవారు. తర్వాత గ్రాహం బిస్కట్ల పొడిలో వెన్న కలిపి అదిమిన పెంకు వాడుకలోకి వచ్చింది. పొట్టు తీయని గోధుమ పిండే ఆరోగ్యమని ప్రచారం చేసిన సిల్వెస్టర్ గ్రాహం అనే మతబోధకుడి పేరు ఆ బిస్కట్లకు నిలిచింది. ముట్టుకుంటే పొడిపొడిగా రాలే ఆ తీపి, పులుపుకు బాగా జత కుదిరింది.

పైపొర విషయంలో ఇప్పటికీ రెండు పక్షాలున్నాయి. ఒక పక్షం తెల్లసొనలో పంచదార వేసి నురగలా గిలకొట్టిన మెరాంగ్ వేస్తుంది. పచ్చసొనలు వాడగా మిగిలిన తెల్లసొన వృథా కాకుండా ఉండే పొదుపు దారి అది. రెండో పక్షం గిలకొట్టిన మీగడ వేస్తుంది. ఫ్రిజ్‌లు, తాజా మీగడ వచ్చాక పెరిగిన అలవాటు ఇది. రంగు గురించి మాత్రం ద్వీపవాసుల్లో భేదాభిప్రాయం లేదు. అసలైన కీ లైమ్ పై లేత పసుపుగా ఉంటుంది. పండిన కాయ రసం, పచ్చసొన ఇచ్చే రంగు అదే. ఆకుపచ్చ రంగు కలిపినదాన్ని వాళ్లు ఒప్పుకోరు.

ఇంటి నుంచి చట్టసభకు

1890లో ఫ్లోరిడాలో అతి పెద్ద నగరం కీ వెస్ట్. చుట్టల కర్మాగారాలు, స్పాంజి వ్యాపారం వేరే ఊళ్లకు తరలిపోవడంతో క్రమంగా చితికిపోయి, 1934లో దివాలా తీసింది. కేంద్ర ప్రభుత్వ సహాయ సంస్థ ఆ ఊరిని పర్యాటక కేంద్రంగా మలచడానికి పూనుకుంది. 1938లో రోడ్డు పూర్తయ్యాక కార్లలో జనం వచ్చారు. ఇంటి వంటకం హోటళ్లకు చేరింది. గిరాకీ పెరిగేకొద్దీ తహితీ నిమ్మరసంతో చేసి కీ లైమ్ పేరుతో అమ్మడమూ పెరిగింది. 1965లో బెర్నీ పాపీ జూనియర్ అనే శాసనసభ్యుడు, అలా అమ్మేవారికి 100 డాలర్ల జరిమానా విధించాలని బిల్లు పెట్టాడు. అది నెగ్గలేదు. 2006లో ఫ్లోరిడా చట్టసభ కీ లైమ్ పైని రాష్ట్ర అధికారిక పైగా ప్రకటించింది.

నిమ్మ సాగు మాత్రం తిరిగి లేవలేదు. 1992లో ఆండ్రూ తుపాను దక్షిణ ఫ్లోరిడాలోని తహితీ తోటలను కూడా తుడిచిపెట్టింది. మిగిలినవి గజ్జి తెగులు నివారణ కోసం చెట్లు నరికే కార్యక్రమంలో పోయాయి. నేడు అమెరికా దుకాణాల్లో దొరికే కీ లైమ్‌లు ఎక్కువగా మెక్సికో నుంచి వస్తాయి. వాటితో పాటు సీసా రసం కూడా వాడతారు.

తెలుగు నేల మీద ఆ నిమ్మకు కొదవ లేదు. గూడూరు, పొదలకూరు, తెనాలి, ఏలూరు, నకిరేకల్ మార్కెట్లకు బస్తాలుగా వచ్చే కాయ ఆ జాతిదే. డబ్బాపాలు పట్టణాల్లో ఏ కిరాణా దుకాణంలోనైనా దొరుకుతాయి. గ్రాహం బిస్కట్లు లేని చోట గోధుమ బిస్కట్లు సరిపోతాయి. ఫ్లోరిడాలో చాలామంది సీసా రసంతో సరిపెట్టుకునే ఈ వంటకాన్ని తెలుగు ఇంట్లో తాజా కాయతో చేసుకోవచ్చు.