ఇండోర్ కంపోస్టు: పత్తికట్టె నుంచి పట్నం చెత్త దాకా

పోస్టు కొంచెం పెద్దదే, తీరిగ్గా చదవండి.

చెత్త నుంచి గ్యాస్ తీస్తున్నారని, శుభ్రతలో ఇండోరే ఫస్టని పేపర్లో చూసే ఉంటారు. మన నిజామాబాద్ ఇందూరు కాదు, మధ్యప్రదేశ్ ఇండోర్. ఆ ఊరి ఎరువు కథ దగ్గర దగ్గర వందేళ్లది. అది మొదలైంది పట్నం చెత్తతో కాదు, పత్తికట్టెతో.

ఆల్బర్ట్ హోవర్డ్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త 1905లో బీహార్‌లోని పూసాకు వచ్చాడు. మనకు నేర్పుదామని వచ్చినాయన, మన రైతుల దగ్గరే ఎక్కువ నేర్చుకున్నాడు. 1924లో ఇండోర్‌లో పత్తి కమిటీ డబ్బు సాయంతో పంటల పరిశోధన సంస్థ మొదలైంది. పత్తికట్టె, కందికట్టె ఊరికే పోతున్నాయి, పేడ పిడకలై పొయ్యిలోకి పోతోంది, మరి భూమికి ఏం మిగిలింది? ఆయన్ని తొలిచిన ప్రశ్న ఇది. చైనా రైతులు ఏ వ్యర్థాన్నీ వదలకుండా పొలానికి చేర్చే పద్ధతి గురించి అప్పటికే చదివి ఉన్నాడు.

ఆయన చేసిన పని చూస్తే నవ్వొస్తుంది, అంత సులువు. గట్టి కట్టెను బండ్ల బాటలో పరిచేవాడు. ఎడ్లబండ్లు తొక్కి తొక్కి నలగ్గొట్టేవి. దాన్ని పశువుల కింద పరిచి, పేడ, మూత్రం తడిసిన కొట్టం మట్టి, పొయ్యి బూడిద కలిపి లోతు తక్కువ గుంటల్లో వేసేవాడు. సుమారు పదిహేను రోజులకోసారి, నెలకోసారి, రెండు నెలలకోసారి, అలా మూడుసార్లు తిరగేస్తే మూడు నెలల్లో ఎరువు తయారు. తోటి పనివాడు యశ్వంత్ వాడ్‌తో కలిసి 1931లో దీనిమీద పుస్తకం వేశాడు. 1935లో గాంధీజీ ఇండోర్ పోయి ఈ పద్ధతి చూశారు.

ఆ తిరగేయడంలోనే అసలు కిటుకు ఉంది. గాలి తగిలితే కుప్పలో వేడి పుట్టి చెత్త చివుకుతుంది. గాలి ఆడకుండా నీళ్లు నిలిచి కుళ్లితే మీథేన్ గ్యాస్ పుడుతుంది. వందేళ్ల లెక్కన చూస్తే బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 28 రెట్లు ఎక్కువ వేడి పట్టి ఉంచే గ్యాస్ ఇది. హోవర్డ్‌కు వాతావరణం సంగతి పట్టలేదు, ఆయన చూసింది భూసారమే. పని మాత్రం రెండింటికీ అయింది. 1939లో బెంగళూరులో ఆచార్య గారు మట్టితో మూసేసే పద్ధతి తెచ్చారు. తిరగేసే కూలి ఖర్చు తప్పింది, కానీ నెలలు ఎక్కువ పట్టేది, గాలీ ఆడదు. కూలీలు దొరకని ఈ రోజుల్లో మన పెంటకుప్పలు కూడా వానలో నాని అదే దారిలో ఉన్నాయి.

పట్నాల సంగతి చూడండి. తడి చెత్త, ప్లాస్టిక్, గాజు అన్నీ కలిపి ఊరి బయట గుట్టగా పోశారు. ఆ గుట్టల లోపల పుట్టేదీ మీథేనే, అందుకే అవి తగలబడితే ఆరవు. 1996లో అల్మిత్రా పటేల్ గారు సుప్రీంకోర్టుకు పోయాక 2000లో చెత్త నిబంధనలు వచ్చాయి. కాగితం మీద వచ్చాయి గానీ ఇళ్లలో వేరు చేసింది తక్కువే. 2016లో పట్నం కంపోస్టుకు టన్నుకు 1500 రూపాయల సాయం ప్రకటించారు. అయినా మనవాళ్లు వెనకాడారంటే తప్పు పట్టలేం. గాజుపెంకు ఉన్న ఎరువులో ఎవరు దిగుతారు చెప్పండి?

ఇండోర్ మారింది ఇంటి గుమ్మం దగ్గరే. తడి వేరు, పొడి వేరు. దేవ్‌గురాడియాలో ఏళ్లుగా పేరుకున్న సుమారు 13 లక్షల టన్నుల పాత చెత్తను తవ్వి వేరు చేశారు. 2022 ఫిబ్రవరిలో అక్కడే గ్యాస్ ప్లాంటు మొదలైంది. రోజుకు 550 టన్నుల తడి చెత్త తీసుకుని 17 వేల కిలోల గ్యాస్, 100 టన్నుల ఎరువు ఇచ్చేలా కట్టారు. గాలి ఆడకుండా కుళ్లబెట్టడం ఇక్కడా ఉంది, కానీ ఆ మీథేన్‌ను పట్టి వాహనాలకు పోస్తారు. మన ఊళ్లలో గోబర్ గ్యాస్ చేసిందీ ఇదే పని.

మీ దగ్గరికి పట్నం ఎరువు అమ్మకానికి వస్తే ముందు ఓ బస్తా జల్లెడ పట్టి చూడండి. పెంకు, ప్లాస్టిక్ కనిపిస్తే వెనక్కి పంపండి. ఇక పత్తికట్టె మీరు ఏం చేస్తున్నారో కామెంట్లో రాయండి. మా వైపు అయితే ఇంకా అగ్గే పెడుతున్నారు.