అంటుకునే రాచపుండు, ఎదురు నిలిచిన జంతువులు

నా చిన్నతనంలో మా నాయనమ్మకు నోటిలో రాచపుండు పుట్టింది. ఆమె మంచినీళ్ళు తాగే గ్లాసును ఇంట్లోవాళ్ళు వేరుగా, పెరటి అరుగు మీద పెట్టేవారు. పిల్లలం దాన్ని ముట్టుకోకూడదు. ఒకనాడు ఆమెను చూడవచ్చిన వైద్యుడు ఆ గ్లాసును గమనించి, "అమ్మా, ఈ జబ్బు ఒకరి నుంచి ఒకరికి అంటదు. దాన్ని లోపల పెట్టండి" అని మా అమ్మను సున్నితంగా మందలించాడు. గ్లాసు లోపలికి వచ్చింది గాని, దానితో మేమెవరమూ నీళ్ళు తాగలేదు.

ఆయన చెప్పినది నిజమే. అవయవమార్పిడి వంటి బహు అరుదైన సందర్భాలను మినహాయిస్తే మనుషుల మధ్య రాచపుండు పాకదు. అయితే జంతులోకంలో అలా పాకే రాచపుండ్లు కొన్ని ఉన్నాయని తెలిసినప్పుడు నాకు ఆ అరుగు, ఆ గ్లాసు గుర్తుకు వచ్చాయి. ఈ వ్యాసానికి అదే కారణం.

ఒకరి శరీరకణం మరొకరి ఒంట్లో ఎందుకు బతకదు? రెండవ ప్రపంచయుద్ధ కాలంలో కాలిన గాయాలకు చర్మం అతికే ప్రయత్నాలను పరిశీలించిన పీటర్ మెదవార్, పరాయి చర్మాన్ని తిరస్కరించేది మన రోగనిరోధక వ్యవస్థేనని నిరూపించాడు. 1960లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ప్రతి కణం తన ఉపరితలం మీద ఇంటిపేరు లాంటి గుర్తులను ధరించి ఉంటుంది. రక్షకకణాలు వాటిని చదివి తనవారెవరో, పరాయివారెవరో తేల్చుకుంటాయి. కనుక అంటుకునే రాచపుండు ఈ కాపలాను ఎలాగో తప్పించుకుని తీరాలి.

ఈ కథలో మొదటి పాత్ర కుక్క. 1876లో రష్యాకు చెందిన పశువైద్యుడు నోవిన్‌స్కీ ఒక కుక్క కణితి ముక్కను మరొక కుక్కకు అంటించి, అది అక్కడ పెరగడం చూపించాడు. కుక్కలు జతకట్టేటప్పుడు సోకే ఈ కణితి మన వీధికుక్కల్లోనూ కనిపిస్తుంది. ఇది ఆ కుక్క సొంత కణాలతో పుట్టినది కాదని, ఎన్నడో చనిపోయిన ఒకే ఒక్క కుక్క కణాల సంతతి అని 2006లో జన్యుపరీక్షలు తేల్చాయి. ఆ తొలి కుక్క 4,000 నుంచి 8,500 ఏళ్ళ కిందటిదని 2019 నాటి పరిశోధన అంచనా. ఇంత పాత వ్యాధి అయినా కుక్కజాతిని తుడిచిపెట్టలేదు. చాలా కుక్కల్లో శరీరమే కొన్నాళ్ళకు కణితిని గుర్తుపట్టి ఎదురు తిరుగుతుంది. మన పెరళ్ళలో పూసే బిళ్ళగన్నేరు నుంచి తీసిన విన్‌క్రిస్టిన్ మందుకు కూడా ఇది లొంగుతుంది.

రెండవ పాత్ర ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న టాస్మేనియా ద్వీపపు మాంసాహారి, టాస్మేనియన్ డెవిల్. చిన్నకుక్కంత ఉండే నల్లని సంచిజంతువు. దాని రాత్రి అరుపులు విని వలసవచ్చిన తెల్లవారు దయ్యమని పేరు పెట్టారు. గొర్రెలను తింటుందని 1830లో ఒక వలస కంపెనీ దాని తలకు వెల కట్టింది. 1941లో గాని చట్టం రక్షణ ఇవ్వలేదు.

అలా కోలుకుంటున్న జాతిలో 1996లో, ద్వీపపు ఈశాన్య మూలన, మొహం నిండా కణుతులతో ఉన్న జంతువులు ఒక ఛాయాగ్రాహకుడి కంటబడ్డాయి. అవి నోరు మూసుకుపోయి, తిండిలేక నెలల్లోనే చనిపోతాయి. వ్యాధి చాలాకాలంగా ఉన్న చోట్ల నూటికి ఎనభైకి పైగా పోయాయి. ఏదో వైరస్ అయి ఉంటుందని మొదట అనుకున్నారు. 2006లో ఆన్-మరీ పియర్స్, కేట్ స్విఫ్ట్ అనే ఇద్దరు పరిశోధకులు కణుతుల క్రోమోజోములను లెక్కించారు. ఆరోగ్యవంతమైన కణంలో 14 ఉండగా, ఏ జంతువు కణితిలో చూసినా ఒకే తీరుగా చెదిరిపోయిన 13 కనిపించాయి. అంటే వ్యాధికారకం కణితికణమే. కళేబరం దగ్గర, జతకట్టే కాలంలో ఇవి ఒకదాన్నొకటి మొహం మీద కొరుక్కోవడం వల్ల ఆ కణం చేతులు మారుతోంది. 1986 ప్రాంతంలో ఒక ఆడ డెవిల్‌లో ఇది పుట్టిందని 2023లో అంచనా వేశారు.

ఇక్కడ శాస్త్రం ఒక తప్పటడుగు వేసింది. ద్వీపంలో చిక్కుకున్న చిన్నజాతి కనుక వీటి జన్యువైవిధ్యం తక్కువ. అన్నీ ఒకదానికొకటి దగ్గరి చుట్టాలే. అందుచేత పరాయి కణాన్ని గుర్తించలేకపోతున్నాయని 2007లో వాదించారు. దోషం రోగిదే అన్నమాట. అయితే 2011లో ఒక డెవిల్ చర్మాన్ని మరొకదానికి అతికి చూస్తే, శరీరం దాన్ని తిరస్కరించింది. కాపలా మెలకువగానే ఉంది. అసలు సంగతి 2013లో తెలిసింది. కణితికణం తన ఉపరితలం మీది ఇంటిపేరు పలకను పీకి దాచేసుకుంటోంది! ఆ జన్యువులు చెడిపోలేదు, నోరు నొక్కబడ్డాయంతే. ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని తగిలిస్తే పలక తిరిగి బయటికి వస్తుంది.

బిళ్ళగన్నేరు మందు ఇక్కడ పనిచేయలేదు. అంతరించిపోతుందన్న జాతి మాత్రం ఊరకే కూర్చోలేదు. పెద్దవి చచ్చిపోతున్న చోట ఆడవి ఏడాది వయసుకే ఈనడం మొదలుపెట్టాయని 2008లో గమనించారు. 2016లో మూడు ప్రాంతాల నుంచి వ్యాధికి ముందూ తరువాతా సేకరించిన నమూనాలను పోల్చితే, నాలుగైదు తరాలలోనే జన్యురాశిలో రెండుచోట్ల ఒకే దిశగా మార్పు కనిపించింది. వాటిలో రోగనిరోధకతకు సంబంధించిన జన్యువులున్నాయి. అదే ఏడాది, వాయవ్యాన వెస్ట్ పెన్సిల్ పైన్ అనే చోట కొన్ని డెవిళ్ళ రక్తంలో కణితికి విరుద్ధమైన ప్రతిరక్షకాలు దొరికాయి. వాటిలో కొన్నింటి కణుతులు ఏ మందూ లేకుండానే కరిగిపోయాయి.

దీన్ని విజయగాథగా ముగించలేను. 2014లో ద్వీపపు ఆగ్నేయాన రెండవ అంటురాచపుండు బయటపడింది. ఇది మొదటిదాని సంతతి కాదు, వేరే మగ జంతువులో వేరుగా పుట్టినది. పైగా ఒక ధర్మసంకటం ఉంది. జాతి అంతరించకుండా వ్యాధిలేని డెవిళ్ళను బోనులలోనూ, 2012 నుంచి మరియా ద్వీపంలోనూ పెంచుతున్నారు. వాటిని అడవిలోకి వదిలితే సంఖ్య పెరుగుతుంది. కాని వ్యాధిని ఎన్నడూ ఎరుగని ఆ రక్తం, చావుల నడుమ కూడగట్టుకున్న నిరోధకతను పలుచన చేయవచ్చునని కొందరు శాస్త్రజ్ఞుల హెచ్చరిక. వదలకుంటే, కొద్దిమందే మిగిలిన చోట మరో దెబ్బకు ఉన్నవి కూడా పోవచ్చు.

నాకు తోచినది ఇది. రక్షించడానికి వెళ్ళేవాడు, రోగి తన కోసం తాను ఏం చేసుకుంటోందో ముందు చూడాలి. వదిలేముందు ఆ చోటి జంతువుల రక్తాన్ని పరీక్షించి, కోలుకుంటున్న గుంపులను వాటి మానాన ఉండనివ్వడం మేలు. పూర్తిగా ఖాళీ అయిన చోట్లకే కొత్తవాటిని పంపాలి. మిత్రులు మరోలా తలిస్తే వినాలని ఉంది.

మా నాయనమ్మ పోయాక ఆ గ్లాసు చాలా ఏళ్ళు అలమరలోనే ఉండిపోయింది. ఆమెకు జబ్బు చేసిన నాటి నుంచి మేము దూరంగానే నిలబడి చూశాము. దగ్గరికి వెళ్ళి కూర్చోవడానికి ఏ అడ్డూ లేదని ఆ వైద్యుడు చెప్పినప్పుడు కూడా మేము వినలేదు.