బాతుగారి మొదటి కూలి

మొన్న ఆదివారం ఇడ్లీ పాత్ర దించి హాల్లోకి వచ్చేసరికి మా చిన్నవాడు సోఫాలో ఓ మూలకి ఒదిగి ఫోన్లో బొమ్మలు చూస్తున్నాడు. అందులో ఎలుగుబంటి శుభ్రంగా తెలుగులో మాట్లాడుతోంది. వీడు పడీ పడీ నవ్వుతున్నాడు. "ఏంట్రా, ఏమంది?" అని అడిగితే తలెత్తకుండానే "నీకు అర్థం కాదులే అమ్మా" అన్నాడు.

నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. వాడి వయసులో నేను చూసిన జంతువులు నిజంగానే నాకు అర్థం కాని భాషలో మాట్లాడేవి. అవి మాట్లాడేది హిందీ. మా ఇంట్లో హిందీ వచ్చిన వాళ్లు ఒక్కరూ లేరు.

నలభై దాటిన వాళ్లకి నేను గుర్తు చేయక్కర్లేదు. 1993 ప్రాంతం. ఆదివారం వచ్చిందంటే దూరదర్శన్‌లో బొమ్మల పండగే. జపాన్ వాళ్లు 1989లో తీసిన 'జంగిల్ బుక్' వచ్చేది. డిస్నీ వాళ్ల 'డక్ టేల్స్', 'టేల్ స్పిన్' వచ్చేవి. 'జంగిల్ బుక్' పాట గుల్జార్ రాశారని, సంగీతం విశాల్ భరద్వాజ్‌దని పెద్దయ్యాక తెలిసింది. అప్పట్లో మాకు తెలిసిందల్లా ఆ పాట మొదలవగానే తలంటు సగంలో వదిలేసి తడి జుట్టుతో పరిగెత్తడమే. ఈటీవీ, జెమినీ 1995లో గానీ రాలేదు. పిల్లల కోసం తెలుగులో ఖుషీ టీవీ వచ్చింది 2009లో. అప్పటికి నాకు పిల్లలు కూడా పుట్టారు.

మా ఊరు చిలకలూరిపేటకీ మార్టూరుకీ మధ్య. చుట్టూ నల్లరేగడి. పత్తి, మిరప. మా ఇంట్లో బ్లాక్ అండ్ వైట్ టీవీ ఉండేది. ఓ ఏడు పత్తి కలిసొస్తే నాన్న ఆ డబ్బుతో కొన్నాడు. ఆ తర్వాత ఏడే, 1987లో, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి మీద తెల్లదోమ పడింది. ఎన్ని మందులు కొట్టినా ఆగలేదు. పంట పోయింది, మందుల అప్పు మిగిలింది. ఆ అప్పులకి తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్న రైతులున్నారు మా వైపు. మా నాన్న ఉన్నాడు. కానీ ఆ ఏడాది నుంచి మనిషి మాట తగ్గిపోయింది. అప్పు గురించి ఇంట్లో ఎవరం ఎత్తేవాళ్లం కాదు.

అదే 1987 సెప్టెంబరులో అమెరికాలో 'డక్ టేల్స్' మొదలైంది. మొత్తం 100 ఎపిసోడ్లు. అంకుల్ స్క్రూజ్ అనే ముసలి బాతు. ఆయనకి డబ్బు దాచుకోవడానికి కొండంత కట్టడం. మనం చెరువులో ఈత కొట్టినట్టు ఆయన నాణేల్లోకి దూకి ఈదుతాడు. ఇక్కడ మా నాన్న పత్తి కట్టె పీకి పొయ్యిలోకి మోపులు కట్టిన ఏడాదే అక్కడ ఆ బాతు డబ్బులో మునకలేయడం మొదలుపెట్టిందన్న మాట. ఆ బాతు మా ఊరు చేరేసరికి ఆరేళ్లు పట్టింది. మా అప్పు మాత్రం అప్పటికీ అక్కడే ఉంది.

ఇక మా నాయనమ్మ సంగతి. ఆవిడకి అక్షరం ముక్క రాదు. హిందీ అసలే రాదు. టీవీ ముందు చాప పరిచి, మిరపకాయల కుప్ప పోసుకుని, తొడిమలు తీస్తూ కూర్చునేది. తాలుకాయలు ఒక పక్క, మంచికాయలు ఒక పక్క. కళ్లు మాత్రం టీవీ మీదే. "ఏమంటున్నాడే నాయనమ్మా?" అని మేం అడగడం ఆలస్యం, ఠపీమని చెప్పేది.

"ఆళ్లు తల్లి దగ్గర లేని పిల్లలే. మేనమామ పట్నం పోతా ఈ ముసలాడి దగ్గర ఒదిలేశాడు. ఈయన తాత వరసవుతాడు."

ఇప్పుడు ఆలోచిస్తే ఆశ్చర్యం వేస్తుంది. కథ ప్రకారం ఆ ముగ్గురు పిల్లలకీ డొనాల్డ్ మేనమామ. నౌకాదళంలో చేరుతూ వాళ్లని స్క్రూజ్ దగ్గర వదిలి వెళతాడు. స్క్రూజేమో డొనాల్డ్‌కి మేనమామ. మేనమామకి మేనమామ అంటే మనకి తాత వరసేగా! బొమ్మలు చూసే వరసలు కట్టేసింది మా నాయనమ్మ.

ఆ ముగ్గురు పిల్లలకీ ఎరుపు, నీలం, ఆకుపచ్చ చొక్కాలు. రంగుల టీవీలో అలా గుర్తుపట్టాలి. మా టీవీలో ముగ్గురూ ఒకే బూడిద రంగు. అందుకని నాయనమ్మ వాళ్లకి పెద్దాడు, నడిపాడు, చిన్నాడు అని పేర్లు పెట్టింది. తప్పు చేసినవాడు ఎవడైనా సరే వాడే నడిపాడు. ఇంట్లో నడిపిదాన్ని నేనే కాబట్టి ఆ దెబ్బ ఎవరికో నాకు తెలుసు. 'జంగిల్ బుక్'లో అడవిలో తిరిగే షేర్ ఖాన్ 'టేల్ స్పిన్'లో సూటు వేసుకున్న పెద్ద వ్యాపారి. దానికి ఆవిడ, "నాలుగు డబ్బులు రాంగానే కోటేశాడు చూడు, చారలు పోతయ్యా?" అంది. బయట అరుగు మీద కూర్చున్న నాన్న చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వడం ఆ రోజే విన్నాను.

అంకుల్ స్క్రూజ్‌కి మాత్రం ఆవిడ పెట్టిన పేరు "మందుల కొట్టాయన". కళ్లజోడు, చేతికర్ర, లెక్కల పుస్తకం. మాకు పురుగుమందులు అరువిచ్చిన ఆయనకీ కళ్లజోడుంది, కర్రకి బదులు గొడుగు. బాతు డబ్బులోకి దూకినప్పుడల్లా నాయనమ్మ, "దూకు దూకు, మా పత్తంతా అందులోనే ఉంది" అనేది. ఇంట్లో ఎవరం నోటితో అనలేని మాటని బాతు మీద పెట్టి అనేది. మేం నవ్వేవాళ్లం. అమ్మ వంటింట్లోంచి తొంగిచూసి మళ్లీ లోపలికి వెళ్లిపోయేది.

ఓ ఆదివారం సరిగ్గా బాతు వచ్చే వేళకి ఆయనే వచ్చాడు. గుమ్మంలో గొడుగు మూస్తుంటే చూసి నేను గట్టిగా అరిచాను.

"నాయనమ్మా, బాతొచ్చాడే!"

నాన్న ముఖం పాలిపోయింది. నాయనమ్మ చేతిలో కాయ కింద పెట్టకుండా, "ఆ బొమ్మంటే పిచ్చి నాయనా దీనికి, గుమ్మంలోకి ఎవరొచ్చినా బాతే అంటది. రా, కూకో" అంది. ఆయన కుర్చీలో కూర్చున్నాడు. అమ్మ మజ్జిగ ఇచ్చింది. ఎవరూ మాట్లాడటం లేదు. అందరం టీవీ వైపే చూస్తున్నాం.

టీవీలో బాతు ఓ గాజు మూత కింద మెత్తటి దిండు మీద ఒకే ఒక్క నాణెం పెట్టుకుని చూసుకుంటున్నాడు. కొండంత డబ్బుండగా ఆ ఒక్కటే విడిగా. కొట్టాయన కాసేపు చూసి, "అదేందమ్మా, ఆ ఒక్కదానికి అంత భద్రం?" అని అడిగాడు.

రోజూ అనే మాట ఆ రోజు అనలేదు నాయనమ్మ. ఒక్క క్షణం ఆగి, "మొదటి కూలి అయ్యుంటది నాయనా. చెమటోడ్చి తెచ్చుకున్న మొదటి రూపాయి ఎవురు మాత్రం ఖర్చు పెట్టుకుంటారు?" అంది.

ఆయన మజ్జిగ గ్లాసు అలాగే పట్టుకుని, "నేను దాచలేదమ్మా. పేటలో బస్తాలు మోసి తెచ్చింది మా అమ్మ చేతిలో పెట్టా. ఆ పూట బియ్యం లేవు" అన్నాడు.

ఆయన కరిగిపోయి అప్పు కొట్టేశాడని రాస్తే బాగుండేది కానీ అలా జరగలేదు. వడ్డీ పైసా తగ్గించలేదు. కొత్త మిరపకాయలు కల్లానికి వచ్చేదాకా గడువిచ్చి వెళ్లాడు. ఆ బాకీ పూర్తిగా తీరడానికి మాకు ఇంకో మూడు మిరప పంటలు పట్టింది. నాయనమ్మ మాత్రం ఆ తర్వాత ఎప్పుడూ బాతుని తిట్టలేదు. నేను అడిగితే, "మడిసి సంగతి తెలిశాక బొమ్మనేం తిడతామే" అంది.

తర్వాత గుంటూరులో బి.ఏ. తెలుగు చదివేటప్పుడు చిన్నయసూరి 'నీతిచంద్రిక' చదివాను. 1853లో వచ్చిన పుస్తకం. అందులో మిత్రలాభంలో హిరణ్యకుడనే ఎలుక ఉంటాడు. కలుగు నిండా ధనం దాచుకుంటాడు. ఆ ధనం ఇచ్చిన బలంతో చిలక్కొయ్య మీది భిక్షాపాత్ర దాకా ఎగిరి అన్నం తినేస్తుంటాడు. ఓ రోజు సన్యాసి కలుగు తవ్వి ధనమంతా పట్టుకుపోతాడు. అంతే, ఎలుకకి ఎగిరే సత్తువ పోతుంది. అది చదివి క్లాసులో నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కనమ్మాయి కంగారుపడింది. నాకు కనిపించింది ఎలుక కాదు, 1987 తర్వాత అరుగు మీద కూర్చుండిపోయిన మా నాన్న.

డబ్బు దాచుకునే జంతువు మనకి అమెరికా నుంచి దిగుమతి కాలేదు. అక్కడి బాతు కథ ఎంత తిరిగినా వారం చివరికి డబ్బు డబ్బాలోనే ఉంటుంది. మన ఎలుక పోగొట్టుకున్నాక కూర్చుని తన కథ తానే చెబుతాడు. తేడా అంతే. కానీ రెండూ చేసే పని ఒకటే. ఇంట్లో మనుషులు మనుషుల పేరు పెట్టి చెప్పుకోలేని మాటని జంతువు నోట చెప్పిస్తాయి. నాయనమ్మ నీతిచంద్రిక చదవలేదు. చిన్నయసూరి చేసిన పనే చాప మీద కూర్చుని చేసింది.

ఇంకో చిన్న సంగతి. స్క్రూజ్ బాతుని కార్ల్ బార్క్స్ అనే బొమ్మల రచయిత 1947 డిసెంబరులో పుట్టించాడు. మన 'చందమామ' పుట్టింది అదే ఏడాది జులైలో. దాన్ని మొదలుపెట్టిన ఇద్దరిలో చక్రపాణిగారు మన తెనాలి ఆయనే. తర్వాత దాన్ని ఏళ్ల తరబడి నడిపిన కొడవటిగంటి కుటుంబరావుగారిదీ తెనాలే. మాట్లాడే జంతువులకి మన జిల్లాతో అంత చుట్టరికం ఉంది.

ఆ గాజు మూత కింది నాణెం గురించి ఈమధ్యే తెలిసింది. అది అమెరికా పది సెంట్ల నాణెం. కథ ప్రకారం స్క్రూజ్ చిన్నప్పుడు బూట్లు పాలిష్ చేసి సంపాదించిన మొట్టమొదటి కూలి. నాయనమ్మ చెప్పిందే నిజం! ఫోన్లో అది చదివి చెబుదామని తల తిప్పాను. చెప్పడానికి ఆవిడ లేదు, పోయి ఇరవై ఏళ్లు దాటింది.

అందుకే మొన్న ఆదివారం ఇడ్లీ ప్లేటు తెచ్చి మా చిన్నవాడి పక్కనే కూర్చున్నాను. "సౌండు తీసెయ్‌రా, ఏమంటున్నారో నేను చెబుతా" అన్నాను. వాడు వింతగా చూసి తీశాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను. రెండు నిమిషాలు విని, "అలా కాదమ్మా, ఆ ఎలుగుబంటి వాళ్ల నాన్న మీద అలిగాడు, అందుకే మాట్లాడటం లేదు" అన్నాడు. మా ఆయన పేపరు పక్కన పెట్టి వాడి వైపు చూశారు.

మీ ఇంట్లో ఆ హిందీ జంతువులకి తెలుగు ఎవరు చెప్పేవారు?