బెర్లిన్ పాత ఇనుము, బహ్రెయిన్ సంతకం

బహ్రెయిన్, ఇజ్రాయెల్ దౌత్య సంబంధాలు పెట్టుకున్నది 2020లో. అంతకు పదహారేళ్ల ముందే ఆ రెండూ ఒక శాస్త్ర సంస్థలో తోటి సభ్యులు. ఆ సంస్థ పేరు సెసమీ.

దానికి బీజం బెర్లిన్‌లో పడింది. అక్కడి బెస్సీ-1 సింక్రోట్రాన్‌ను మూసేయబోతున్నారు. ఎలక్ట్రాన్లను కాంతివేగానికి దగ్గరగా పరుగెత్తించి, అయస్కాంతాలతో దారి మళ్లిస్తే అవి తీక్షణమైన కాంతిని చిమ్ముతాయి. ఆ కాంతిలో ప్రొటీన్ల నిర్మాణం నుంచి పురావస్తువుల రంగుల దాకా పరీక్షించొచ్చు. అలాంటి యంత్రాన్ని పారేయడమెందుకు, పశ్చిమాసియాకు ఇచ్చేద్దాం అని 1997లో శాస్త్రవేత్తలు హెర్మన్ వినిక్, గుస్తావ్-అడాల్ఫ్ ఫాస్ సూచించారు.

వినేవాళ్లు అప్పటికే ఉన్నారు. 1995 నవంబరులో, ఇజ్రాయెల్ ప్రధాని రబీన్ హత్య జరిగిన కొద్దిరోజులకే, ఈజిప్టులోని దహాబ్‌లో ఒక బెదూయిన్ గుడారంలో అరబ్బు, ఇజ్రాయెలీ శాస్త్రవేత్తలు కలిసి నిలబడి మౌనం పాటించారు. వాళ్లను కూడగట్టినవాడు సెర్న్ భౌతికశాస్త్రవేత్త సెర్జియో ఫుబిని.

జోర్డాన్ అమ్మాన్ దగ్గరి అల్లాన్‌లో చోటిచ్చింది. 2003 జనవరిలో పునాదిరాయి పడింది. మరుసటి ఏడాది యునెస్కో అండతో సంస్థ అధికారికంగా ఏర్పడింది. బహ్రెయిన్, ఈజిప్టు, ఇజ్రాయెల్, జోర్డాన్, పాకిస్తాన్, టర్కీ తొలి సభ్యులు. ఇరాన్, సైప్రస్, పాలస్తీనా కూడా వచ్చి చేరాయి. ఒకదాన్నొకటి గుర్తించని ప్రభుత్వాలు అయస్కాంతాల గురించి, బడ్జెట్ గురించి వాదించుకోవడం మొదలుపెట్టాయి. నా దృష్టిలో అసలు ఆవిష్కరణ అదే.

తమాషా ఏమిటంటే, ఇంత కదలిక తెచ్చిన బెర్లిన్ యంత్రం తీరా చూస్తే చాలలేదు. దాని శక్తి 0.8 గిగా ఎలక్ట్రాన్ వోల్టులే. అందుకే ఎలక్ట్రాన్లను అందించే తొలి దశకే దాన్ని వాడుకుని, 133 మీటర్ల చుట్టుకొలతతో, 2.5 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల కొత్త వలయం కట్టారు. మన ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్ శక్తీ అంతే. మొత్తానికి బెస్సీ-1 యంత్రంగా కన్నా సాకుగానే ఎక్కువ పనికొచ్చిందన్నమాట!

డబ్బు మాత్రం ఎప్పుడూ కటకటే. ఆంక్షల వల్ల ఇరాన్ చెల్లింపులు ఆగాయి. 2013 డిసెంబరు మంచుకు భవనం పైకప్పు కూలింది. ఎట్టకేలకు 2017 జనవరిలో వలయంలో ఎలక్ట్రాన్లు తిరిగాయి, మే నెలలో ప్రారంభోత్సవం జరిగింది. తొలి సభ్యురాలైన బహ్రెయిన్ పేరు మాత్రం ఇప్పటి సభ్యుల జాబితాలో లేదు. ఇక ప్రారంభమయ్యాక కొత్త కేంద్రాన్ని భయపెట్టింది కరెంటు బిల్లు. 2019లో సొంత సౌర విద్యుత్ కేంద్రం వచ్చాక ఆ గండం గడిచింది.